కాళ్ల మీద గడ్డలు, కడుపులో కణితి: ఎసినార్ సెల్ కార్సినోమా, పానిక్యులైటిస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పాథాలజిస్టుని. ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు చెప్పడం నా పని. మా వృత్తిలో ఉన్నవాళ్లకు పేషెంట్లతో నేరుగా మాట్లాడే పని తక్కువ. కానీ మన దగ్గర ముక్క ఉన్న డబ్బాను ల్యాబుకు మోసుకొచ్చేది చాలాసార్లు ఇంటివాళ్లే. పాలిథీన్ కవర్లో చిన్న డబ్బా పెట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డ భార్యలు, కొడుకులు, తమ్ముళ్లు ఏం అడుగుతారో నాకు బాగా తెలుసు. ఈ జబ్బు వచ్చిన ఒకాయన కొడుకు, "మేడమ్, ఇంగ్లీషులో ఉంది గానీ మా అమ్మకు చదివి వినిపించడానికి తెలుగులో ఏమీ దొరకలేదు" అన్నాడు. ఆ అమ్మను మనసులో పెట్టుకుని ఇది రాశాను.

ఎసినార్ సెల్ కార్సినోమా అంటే ఏమిటి?

పాంక్రియాస్‌లో, అంటే క్లోమంలో, పుట్టే ఒక అరుదైన క్యాన్సర్. క్లోమం కడుపు వెనక, వెన్నెముకకు అడ్డంగా పడుకుని ఉండే గ్రంథి. దాని పేరు వినగానే అందరికీ షుగర్, ఇన్సులిన్ గుర్తొస్తాయి. నిజానికి ఇన్సులిన్ తయారుచేసే కణాలు అందులో చాలా కొద్ది భాగమే. గ్రంథిలో ఎక్కువ భాగం ఎసినార్ కణాలదే. మనం తిన్న అన్నం, పప్పు, నెయ్యి అరగడానికి కావాల్సిన ఎంజైములను రోజంతా తయారుచేసేవి అవి. పిండి పదార్థాలకు అమైలేజ్, మాంసకృత్తులకు ట్రిప్సిన్, కొవ్వుకు లైపేజ్. ఆ కణాలే అదుపు తప్పి పెరిగితే ఎసినార్ సెల్ కార్సినోమా అవుతుంది.

మరి పానిక్యులైటిస్?

చర్మం కింద ఉండే కొవ్వు పొర వాచి మంటెత్తడాన్ని పానిక్యులైటిస్ అంటారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. క్లోమం జబ్బు వల్ల వచ్చేదాన్ని పాంక్రియాటిక్ పానిక్యులైటిస్ అంటారు. 1883లో హన్స్ కియారీ అనే ఆస్ట్రియా పాథాలజిస్టు దీన్ని మొదటిసారి వర్ణించాడు. అంటే వైద్యానికి తెలిసి నూట నలభై ఏళ్లు దాటింది. అయినా అరుదు కాబట్టి చాలామంది డాక్టర్లు తమ ప్రాక్టీసు మొత్తంలో ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. మీ డాక్టరుకు మొదటి రోజే తట్టలేదంటే ఆయన చేతకానివాడని అర్థం కాదు.

పాంక్రియాస్ క్యాన్సర్ అంటే ఒకటే కదా? దీనికి వేరే పేరెందుకు?

ఒకటి కాదు. ఇంట్లో అందరికీ అర్థం కావాల్సిన విషయం ఇది. పాంక్రియాస్ క్యాన్సర్ అని మనం వినేవాటిలో పదింట తొమ్మిది, ఎంజైములను పేగులోకి చేరవేసే గొట్టాల కణాల్లోంచి పుట్టినవి. వాటిని డక్టల్ అడినోకార్సినోమా అంటారు. ఎసినార్ సెల్ కార్సినోమా పెద్దవాళ్లలో నూటికి ఒకటో రెండో. ఎక్కువగా అరవై ఏళ్ల ప్రాంతంలో, ఆడవాళ్లకన్నా మగవాళ్లలో కనిపిస్తుంది. చిన్నపిల్లల్లో పాంక్రియాస్ క్యాన్సరే చాలా చాలా అరుదు, కానీ వచ్చిన కొద్దిమందిలో దీని వాటా పెద్దవాళ్లలోకన్నా ఎక్కువ.

రెండింటి నడవడిక కూడా వేరు. డక్టల్ రకం చుట్టూ ఉన్నవాటిలోకి వేళ్లు తన్నుకుంటూ పోతుంది, పిత్తనాళాన్ని నొక్కేసి కామెర్లు తెస్తుంది. ఎసినార్ రకం ఎక్కువగా గుండ్రంగా, గట్టు కట్టినట్టు పెరుగుతూ పక్కవాటిని నెట్టుతుంది. అందుకే కామెర్లు అంత తరచుగా రావు, కణితి బాగా పెద్దదయ్యాక గానీ బయటపడదు. జన్యువుల్లోనూ తేడా ఉంది. డక్టల్ రకంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కేఆర్ఏఎస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది, ఎసినార్ రకంలో అది అరుదు. ఇంటర్నెట్లో "పాంక్రియాస్ క్యాన్సర్" అని కొట్టి అక్కడ కనిపించిన అంకెలు చూసి రాత్రంతా ఏడ్చిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ అంకెలు వేరే జబ్బువి.

క్యాన్సర్ కడుపులో ఉంటే గడ్డలు కాళ్ల మీద ఎందుకొస్తాయి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు తెలిస్తే మిగతాదంతా సులువు.

మామూలుగా లైపేజ్ క్లోమంలోంచి గొట్టం గుండా పేగులోకి పోయి, అక్కడ మనం తిన్న కొవ్వును కరిగిస్తుంది. రక్తంలో ఉండేది చాలా కొద్దిగా. ఎసినార్ క్యాన్సర్ కణాలకు తమ పాత పని గుర్తుంటుంది, కానీ గొట్టం దారి ఉండదు. తయారుచేసిన లైపేజ్‌ను నేరుగా రక్తంలోకి వదిలేస్తాయి. రక్తంతోపాటు అది ఒళ్లంతా తిరుగుతుంది. దానికి నెయ్యికీ మన చర్మం కింది కొవ్వుకీ తేడా తెలియదు. ఎక్కడ కొవ్వు దొరికితే అక్కడ కరిగించడం మొదలుపెడుతుంది. ట్రిప్సిన్ లాంటి మిగతా ఎంజైములు రక్తనాళాల గోడలను దెబ్బతీసి దానికి దారి చేస్తాయి. కాళ్లలో రక్తం కిందికి నిలబడి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి దెబ్బ ముందు అక్కడే కనిపిస్తుందని వైద్యుల వివరణ.

కరిగిన కొవ్వులోంచి ఫ్యాటీ ఆసిడ్లు బయటికొస్తాయి. అవి ఒంట్లోని కాల్షియంతో కలిసి సబ్బవుతాయి. ఇది పోలిక కోసం అన్న మాట కాదు, రసాయనికంగా అది సబ్బే. బోరు నీళ్లతో స్నానం చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. నీళ్లలోని కాల్షియం, సబ్బులోని ఫ్యాటీ ఆసిడ్ కలిసి చేసిన మడ్డి అది. ఈ జబ్బులో అదే మడ్డి చర్మం కింద పేరుకుంటుంది. దాని చుట్టూ శరీరం మంటెత్తి వాస్తుంది. మనకు గడ్డగా కనిపించేది ఆ వాపే.

ఈ గడ్డలు చూడ్డానికి ఎలా ఉంటాయి?

ఎక్కువగా మోకాలి కింద, పిక్కల మీద, చీలమండల చుట్టూ వస్తాయి. తొడలు, పిరుదులు, చేతులు, పొట్ట మీద కూడా రావచ్చు. బఠాణీ గింజంత నుంచి నిమ్మకాయంత వరకు ఉంటాయి. ముందు ఎర్రగా, తర్వాత గోధుమ రంగు కలిసిన ఎరుపుగా మారతాయి. ముట్టుకుంటే నొప్పి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు, నల్లబడినట్టు ఉంటుంది. అందుకే కంటితో చూడటంతో ఆగకుండా వేలితో తడిమి చూడాలి.

కొన్ని గడ్డలు మెత్తబడి పగులుతాయి. అప్పుడు కారే ద్రవాన్ని గమనించండి. సెగ్గడ్డ పగిలితే చీము వస్తుంది. ఇది పగిలితే జిడ్డుగా, గోధుమ రంగులో, నూనెలాంటిది కారుతుంది. ల్యాబుకు పంపితే అందులో సూక్ష్మక్రిములు దొరకవు. ఒకావిడ నాతో, "మా ఆయన లుంగీకి ఆముదం మరకల్లా అంటుకుంటున్నాయమ్మా, ఎంత ఉతికినా పోవట్లేదు" అంది. ఆ రోజు ఆ డబ్బా మీద పేరు పక్కన నేను పెన్సిల్‌తో "లైపేజ్?" అని రాసుకున్నాను. ముక్క ఇంకా చూడనే లేదు. ఆ మరకల గురించి ఆవిడ అంతకుముందు ముగ్గురికి చెప్పిందట, ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మా అత్తయ్యకు కూడా కాళ్ల మీద గడ్డలున్నాయి. ఇదేనేమో అని టెన్షన్‌గా ఉంది.

కాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. కాళ్ల మీద నొప్పి గడ్డలతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఎరిథీమా నోడోసమ్ అనే సమస్య ఉంటుంది. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాతో, కొన్ని మందుల వల్లో, టీబీ వల్లో వస్తుంది. సాధారణంగా మోకాలి కింద ముందు వైపున వస్తుంది, పుండు పడదు, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పిక్కల వెనక వచ్చి పుండు పడే మరో రకం ఉంది, దానికీ మన దేశంలో టీబీతో సంబంధం ఎక్కువ. కుష్టు వ్యాధికి మందులు వాడుతున్నవాళ్లలో జ్వరంతోపాటు ఒళ్లంతా నొప్పి గడ్డలు లేచే రియాక్షన్ ఒకటుంది. మన జిల్లాల్లో పనిచేసే చర్మ వైద్యులు ముందు వీటినే ఆలోచిస్తారు, అలా ఆలోచించడమే సరైనది.

అయితే కొన్ని సంగతులు కలిసినప్పుడు క్లోమం వైపు చూడాలి. గడ్డలు వారాల తరబడి తగ్గకుండా కొత్తవి వస్తూ ఉండటం, పగిలి నూనెలా కారడం, యాంటిబయాటిక్ వాడినా తేడా లేకపోవడం, వాటితోపాటు చీలమండలు, మోకాళ్లు వాచడం, బరువు తగ్గడం, పొట్ట పైభాగంలో నుంచి వెన్నుకు పాకే నొప్పి. ఇవన్నీ ఒకేసారి ఉండాలని లేదు. పాంక్రియాటిక్ పానిక్యులైటిస్ వచ్చినవాళ్లలో చాలామందికి కడుపులో ఏ ఇబ్బందీ తెలియకముందే, ఒక్కోసారి నెలల ముందే, కాళ్ల మీద గడ్డలు వస్తాయి. నేను పదే పదే చెప్పేది ఇందుకే. చర్మం ముందే చెబుతోంది, వినాలి.

కీళ్ల నొప్పులకు వేరే డాక్టరు దగ్గర చూపించుకుంటున్నాం. అదీ ఇదీ ఒకటేనా?

ఒకటే కావచ్చు. కీళ్ల చుట్టూ, ఎముకల లోపల కూడా కొవ్వు ఉంటుంది. లైపేజ్ దాన్నీ వదలదు. అందుకే చీలమండలు, మోకాళ్లు వాచి నడవలేని స్థితి వస్తుంది. దాన్ని కీళ్లవాతం అనుకుని నెలల తరబడి మాత్రలు వాడినవాళ్లున్నారు. కొందరిలో రక్తపరీక్షలో ఇస్నోఫిల్స్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు కూడా పెరుగుతాయి. మన దగ్గర ఇస్నోఫీలియా అనగానే తుమ్ములు, దగ్గు, దుమ్ము పడకపోవడం అనుకుని ఊరుకుంటాం. చర్మం కింద కొవ్వు గడ్డలు, కీళ్ల నొప్పులు, ఇస్నోఫిల్స్ ఈ మూడూ కలిస్తే దాన్ని ష్మిడ్ త్రయం అంటారు. మొత్తానికి ఎసినార్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి పది పదిహేను మందికి లైపేజ్ ఇలా పొంగి లక్షణాలు చూపిస్తుంది. మిగతావాళ్లకు గడ్డలు ఉండవు.

చర్మానికి ఒక డాక్టరు, కీళ్లకు ఒకరు, గ్యాస్ ట్రబుల్‌కు ఇంకొకరు అని తిరుగుతుంటే ఏ ఒక్కరికీ బొమ్మ మొత్తం కనిపించదు. అన్ని కాగితాలూ ఒకే ఫైల్లో, తేదీల ప్రకారం పెట్టుకుని, ప్రతి డాక్టరుకూ అన్నీ చూపించండి.

ముక్క తీయాల్సిందేనా? ముక్క తీస్తే జబ్బు పాకుతుందంటారు.

పాకదు. కత్తి తగిలితే క్యాన్సర్ లేస్తుందన్న మాట మన ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. దాని వల్ల పోయిన కాలం, పోయిన ప్రాణాలు చూసి చూసి నాకు బాధేస్తుంది. పైగా ఈ గడ్డలో ఉండేది క్యాన్సర్ కణాలు కాదు, కరిగిన కొవ్వు. పాకడానికి అక్కడ ఏమీ లేదు.

ముక్క తీయించేటప్పుడు రెండు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి. ఒకటి, ముక్క లోతుగా ఉండాలి. జబ్బు ఉన్నది చర్మం కింది కొవ్వులో. పైపైన తీసిన చిన్న ముక్కలో చర్మం మాత్రమే వస్తే, నేను ఎంత సేపు చూసినా "నిర్ధారించడానికి కొవ్వు లేదు" అని రాయడం తప్ప ఏమీ చేయలేను. కత్తితో కోసి కొవ్వుతో సహా తీయమని డాక్టరును అడగడంలో తప్పు లేదు. ఆ చోట రెండు మూడు కుట్లు పడతాయి. కాలి మీద గాయం కాబట్టి, అందులోనూ షుగర్ ఉంటే, మానడానికి కాస్త టైము పడుతుంది. పుండు పడని కొత్త గడ్డను ఎంచుకుంటే మంచిది.

రెండోది డబ్బాలో పోసే ద్రవం. ముక్కను ఫార్మలిన్‌లో, అంటే కుళ్లకుండా కాపాడే మందులో వేయాలి, అది ముక్కకు పదింతలు ఉండాలి. క్రిముల కోసం కల్చర్ కూడా చేయాలంటే ఇంకో చిన్న ముక్కను వేరే డబ్బాలో, సెలైన్‌లో పంపుతారు. ఒకసారి ఒక ముక్క మొత్తం సెలైన్‌లోనే వచ్చింది. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, ఎండాకాలం పొద్దున, ఆ పిల్లాడు నా చేతికిచ్చేసరికి అది కుళ్లిపోయింది. మళ్లీ తీయించాల్సి వచ్చింది. పది రోజులు పోయాయి. ఆ అబ్బాయి మొహం నాకింకా గుర్తుంది. డబ్బా చేతికిచ్చినప్పుడు "ఇది ఫార్మలినేనా?" అని ఒక్క మాట అడగండి. ఘాటైన వాసన వస్తుంది, మూత మాత్రం తీయకండి.

మైక్రోస్కోపు కింద మీకు ఏం కనిపిస్తుంది?

మామూలు కొవ్వు కణం పల్చని గోడతో, అంచున చిన్న కేంద్రకంతో, తేనెపట్టు గదిలా ఉంటుంది. ఈ జబ్బులో కేంద్రకం మాయమవుతుంది. గోడ దళసరెక్కి, లోపల పొడిపొడిగా ఏదో మిగులుతుంది. వీటిని దెయ్యపు కణాలు అంటాం. నాకు మాత్రం ఎండాకాలంలో శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే మునక ఊళ్లు గుర్తొస్తాయి. ఇళ్ల గోడలు వరసగా ఉంటాయి, లోపల మనుషులుండరు. వాటి అంచుల్లో కాల్షియం సబ్బు చేరి నేరేడు పండు రంగులో కనిపిస్తుంది. చుట్టూ తెల్లరక్తకణాలు గుమిగూడి ఉంటాయి. ఈ దృశ్యం ఒకసారి చూస్తే మర్చిపోరు. ఇది కనిపించగానే నేను రిపోర్టు టైపు చేయడానికి ముందే ఫోన్ తీసి, ముక్క పంపిన డాక్టరుకు "లైపేజ్ చూడండి, కడుపు స్కాన్ చేయించండి" అని చెబుతాను.

రిపోర్టులో "పాంక్రియాటిక్ పానిక్యులైటిస్" అని వచ్చింది. అంటే క్యాన్సరేనా?

ఖాయంగా కాదు. క్లోమం వాపు, అంటే పాంక్రియాటైటిస్ వల్ల కూడా అచ్చం ఇలాగే వస్తుంది. మందు అలవాటు వల్లో, పిత్తాశయంలో రాళ్ల వల్లో వచ్చే పాంక్రియాటైటిస్ మన దగ్గర చాలా సాధారణం. చర్మం ముక్క చెప్పేది "క్లోమం ఎంజైములు ఇక్కడిదాకా వచ్చాయి" అని మాత్రమే. ఎందుకొచ్చాయో స్కాన్ చెప్పాలి. క్యాన్సర్ వల్ల వచ్చిన గడ్డలు ఎక్కువ చోట్ల, ఎక్కువ కాలం ఉంటాయి, తరచుగా పుండు పడతాయి. కానీ దాన్ని బట్టి ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు.

తర్వాత ఏ పరీక్షలు చేస్తారు?

ముందు రక్తంలో లైపేజ్. ఈ జబ్బులో అది మామూలుకన్నా చాలా రెట్లు పెరిగి వేలల్లో ఉండటం మామూలే. అమైలేజ్ మాత్రం కొందరిలో బాగానే ఉంటుంది, కాబట్టి అదొక్కటే చూసి వదిలేయకూడదు. సీఏ 19-9 అనే క్యాన్సర్ రక్తపరీక్ష నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఈ రకం లేదని చెప్పలేం. ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో ఏఎఫ్‌పీ అనేది పెరగవచ్చు.

తర్వాత కాంట్రాస్ట్‌తో సీటీ స్కాన్. మామూలు అల్ట్రాసౌండ్‌లో పొట్టలోని గ్యాస్ అడ్డొచ్చి క్లోమం సరిగా కనిపించదు. "అల్ట్రాసౌండ్ చేయించాం, ఏమీ లేదన్నారు" అని ఆగిపోకండి. కణితి కనిపిస్తే ఎండోస్కోపీ గొట్టం చివర ఉన్న అల్ట్రాసౌండ్ సాయంతో, కడుపు లోపలినుంచే సూదితో చిన్న ముక్క తీస్తారు. ఆ ముక్కకు ట్రిప్సిన్, బీసీఎల్ 10 లాంటి ప్రత్యేక రంగుల పరీక్షలు చేస్తే ఎసినార్ రకమో కాదో తేలుతుంది. ఈ రంగులు వేయకపోతే దీన్ని న్యూరోఎండోక్రైన్ కణితి, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లోంచి పుట్టే కణితి, అని పొరబడే ప్రమాదం ఉంది, రెండూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. చికిత్స పూర్తిగా వేరు. అందుకే అనుమానం ఉన్నప్పుడు పెద్ద క్యాన్సర్ సెంటర్లో ఇంకో పాథాలజిస్టుకు చూపించుకోండి. నా రిపోర్టును ఇంకొకరికి చూపిస్తామంటే నేను నొచ్చుకోను, బ్లాకులు నేనే తీసి ఇస్తాను. బ్లాకులంటే మైనంలో దిగేసిన ముక్కలు. అవి ఎండకు కరుగుతాయి, బైక్ డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం తిరగకండి.

ఎందుకొచ్చింది? మా ఆయన మందు, సిగరెట్ ముట్టలేదు.

ఈ అరుదైన రకానికి అలవాట్లను కారణంగా చూపలేం. మీ వంట వల్ల రాలేదు, ఆయన నిర్లక్ష్యం వల్ల రాలేదు. కొందరిలో పుట్టుకతో వచ్చే బీఆర్‌సీఏ 2 లాంటి జన్యు మార్పులు ఉంటాయి. అవే రొమ్ము క్యాన్సర్‌కూ అండాశయ క్యాన్సర్‌కూ దారితీసేవి. కుటుంబంలో మేనత్తకో అక్కకో అలాంటివి వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అంటువ్యాధి కాదు. కాలి నుంచి కారే ద్రవం ముట్టుకున్నా ఏమీ కాదు.

చికిత్స ఏమిటి?

కణితి ఒక్కచోటే ఉంటే ఆపరేషన్. క్లోమం తలభాగంలో ఉంటే, ఆ భాగాన్ని దానికి అంటుకున్న చిన్నపేగు మొదటి భాగంతో సహా తీసే విప్పుల్ ఆపరేషన్ చేస్తారు. తోకభాగంలో ఉంటే ఆ భాగాన్ని, చాలాసార్లు ప్లీహాన్ని (స్ప్లీన్) కూడా కలిపి తీస్తారు. ప్లీహం తీసేవాళ్లు న్యుమోనియా, మెనింజైటిస్ రాకుండా టీకాలు వేయించుకోవాలి, వీలైతే ఆపరేషన్‌కు రెండు వారాల ముందే. ఇది మర్చిపోయే అవకాశం ఉంది, గుర్తుచేయండి.

గుర్తించే నాటికి దాదాపు సగంమందిలో జబ్బు వేరేచోటికి, ఎక్కువగా కాలేయానికి, పాకి ఉంటుంది. అప్పుడు కీమో ఇస్తారు. ఆక్సాలిప్లాటిన్ ఉన్న కలయికలు, ఉదాహరణకు ఫోల్ఫిరినాక్స్, ఈ రకం మీద బాగా పనిచేస్తాయి. కాలేయంలో ఒకటి రెండు చోట్లే ఉంటే కీమో తర్వాత ఆపరేషన్ గురించి ఆలోచించే సందర్భాలూ ఉన్నాయి.

జన్యు పరీక్షకు చాలా ఖర్చవుతుందన్నారు. అవసరమా?

నన్నడిగితే ఈ రకంలో అవసరమే. ఇదే పరీక్షను మామూలు డక్టల్ రకంలో చేస్తే చేతికొచ్చేది తక్కువ. ఇక్కడ అలా కాదు. దాదాపు ఐదో వంతు మందిలో బీరాఫ్ లేదా రాఫ్ 1 అనే జన్యువులు వేరే జన్యువుతో అతుక్కుని ఉంటాయి, వాటిని గురిపెట్టే మాత్రలు ఉన్నాయి. బీఆర్‌సీఏ మార్పు ఉంటే ఆక్సాలిప్లాటిన్ లాంటి ప్లాటినం మందులు బాగా పనిచేస్తాయి, ఆ తర్వాత ఒలాపరిబ్ అనే మాత్ర వాడే వీలుంటుంది. పుట్టుకతో ఆ మార్పు ఉండి, జబ్బు పాకిన పాంక్రియాస్ క్యాన్సర్‌లో ఒలాపరిబ్ జబ్బు ముదరడాన్ని ఆలస్యం చేస్తుందని 2019లో వెలువడిన పెద్ద పరిశోధనలో తేలింది. కొద్దిమందిలో ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స, పనిచేసే లక్షణం బయటపడుతుంది. మార్పు పుట్టుకతో వచ్చిందైతే పిల్లలకూ తోబుట్టువులకూ ముందు జాగ్రత్త చెప్పినట్టవుతుంది. డబ్బు దగ్గర ఇబ్బంది ఉంటే, ఏ పరీక్షలో ఈ జన్యువులు అన్నీ కవరవుతాయో అడిగి ఒక్కటే చేయించండి.

గడ్డలకు ఏ మందు రాయాలి? నొప్పితో నిద్రపోవట్లేదు.

గడ్డల మీద రాసే మందుతో ఇవి మానవు. ఎంజైము ఆగితేనే ఆగుతాయి. ఆపరేషన్‌తోనో కీమోతోనో కణితి తగ్గిన కొద్దీ లైపేజ్ దిగుతుంది, దాంతోపాటే గడ్డలూ అణుగుతాయి. గడ్డలు అణగడానికి స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలతో పెద్దగా లాభం కనిపించదు. ఆక్ట్రియోటైడ్ అనే ఇంజెక్షన్ కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. పడుకున్నప్పుడు కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టి ఎత్తులో ఉంచండి. పగిలినచోట సెలైన్‌తో కడిగి, అంటుకోని జాలి గుడ్డ వేసి, దాని పైన జిడ్డు పీల్చే దూది ప్యాడ్ పెట్టి వదులుగా కట్టండి. గాజుగుడ్డ నేరుగా వేస్తే ఎండి పుండుకు అతుక్కుని, తీసేటప్పుడు ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది. గడ్డలను పిండొద్దు. పసరు కట్టొద్దు, సున్నం, పసుపు అద్దొద్దు. నొప్పి ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. మామూలు మాత్రలకు తగ్గకపోతే మార్ఫిన్ దాకా ఉన్నాయి, క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడితే అలవాటు పడిపోతారన్న భయంతో మనిషిని రాత్రంతా మూలగనివ్వకండి.

పథ్యం ఏమైనా ఉందా? నూనె, నెయ్యి మానేస్తే లైపేజ్ తగ్గుతుందా?

తగ్గదు. ఈ లైపేజ్ తిండిని చూసి రావట్లేదు, కణితి దానంతటదే తయారుచేస్తోంది. పథ్యం పేరుతో చారు అన్నం మీద ఉంచి మనిషిని ఎండబెట్టొద్దు. అసలే బరువు తగ్గే జబ్బు. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, ఏది సయిస్తే అది కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. ఆపరేషన్ తర్వాత విరేచనం జిడ్డుగా తేలుతూ, దుర్వాసనతో వస్తుంటే ఎంజైము క్యాప్సూల్స్ కావాలి. అవి మొదటి ముద్దతోనే మింగాలి, తిన్నాక కాదు.

ఆ క్యాప్సూల్లో ఉండేదీ లైపేజే అని చదివాను. అది మింగితే గడ్డలు మళ్లీ రావా?

మంచి ప్రశ్న. రావు. క్యాప్సూల్లోని లైపేజ్ పేగులోనే పనిచేసి అక్కడే ముగిసిపోతుంది, రక్తంలోకి చేరదు. గడ్డలు తెచ్చేది కణితి రక్తంలోకి వదిలే లైపేజ్. ఇంకో సంగతి, ఈ క్యాప్సూల్స్ పంది క్లోమం నుంచి తయారవుతాయి. ఆచారం రీత్యా ఇబ్బంది ఉన్నవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి, చెప్పకుండా మానేయడం వల్లే నష్టం.

ఎంతకాలం బతుకుతారు?

ఎవరికీ తేదీ చెప్పలేం. డక్టల్ రకంకన్నా ఈ రకంలో ఎక్కువ కాలం బతుకుతారన్నది నిజం. పూర్తిగా తీసేయగలిగినవాళ్లలో ఏళ్ల తరబడి బాగున్నవాళ్లున్నారు. లైపేజ్ పొంగి గడ్డలు వచ్చినవాళ్లలో జబ్బు అప్పటికే ముదిరి ఉండటం ఎక్కువ, అదీ నిజమే. రెండూ మీకు తెలియాలి.

ఆయనకు చెప్పొద్దని ఇంట్లో అందరూ అంటున్నారు.

ఆయనకు సగం తెలిసే ఉంటుంది. నెలలుగా తన కాళ్లు తనే చూసుకుంటున్న మనిషి. ఒక్కసారే అన్నీ చెప్పక్కర్లేదు. "ఏం తెలుసుకోవాలనుంది నాన్నా?" అని అడిగి, అడిగినంత వరకు అబద్ధం లేకుండా చెప్పండి. కీమోకు ఒప్పుకోవాల్సింది, కాలు నొప్పి ఎక్కడుందో చూపించాల్సింది, పొలం కాగితాలు సర్దుకోవాల్సింది ఆయనే.

ఖర్చు, ఎక్కడికి వెళ్లాలి?

క్లోమం ఆపరేషన్లు తరచుగా చేసే చోటికే వెళ్లండి. ఏడాదికి ఎన్ని విప్పుల్ ఆపరేషన్లు చేస్తారని అడగడానికి మొహమాటపడొద్దు. హైదరాబాదులో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో ఉంటాయి. మీ కేసుకు ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే కలవండి.

ఆపరేషన్ అయి ఏడాదైంది. నిన్న చీలమండ దగ్గర మళ్లీ ఒక చిన్న గడ్డ తగిలింది.

దోమకాటో, దెబ్బో అయ్యుండవచ్చు. కానీ వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు. ఈ వారంలోనే లైపేజ్ పరీక్ష చేయించండి, మీ ఊళ్లో మంచి ల్యాబు ఉంటే అక్కడే అవుతుంది. పాత లైపేజ్ రిపోర్టులు పక్కన పెట్టి పోల్చి చూడాలి. పెరిగితే అదే రోజు ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ డాక్టరుకు, ఫోన్ చేసి స్కాన్ తేదీ తీసుకోండి. నార్మల్‌గా వస్తే గడ్డ చుట్టూ పెన్నుతో గీత గీసి, ఫోన్లో ఫొటో తీసి, రెండు వారాలయ్యాక మళ్లీ లైపేజ్ చేయించండి.